శ్రుతి తెలిసినవాడి కోసం గోవా దాకా

గోవా వెళ్లొచ్చానని చెబితే మా ఇబ్రహీంపట్నంలో ఎవరూ నా మొహం వైపు చూడలేదు, అందరూ సంచి వైపే చూశారు. ఏం సీసా తెచ్చావన్నదే ప్రశ్న. నేను తెచ్చింది ఒక జీడిపప్పు పొట్లం, ఎండకు కమిలిన మెడ. తీసుకురావాలని వెళ్లింది మాత్రం ఒక మనిషిని. ఆ సంగతి మా ఆవిడ సుజాతకు తప్ప ఎవరికీ తెలియదు కాబట్టి మొదటినుంచి చెబుతాను.

బస్ డిపో వెనక సందులో నాకు డీజే సౌండ్ దుకాణం ఉంది. పెళ్లి బరాత్‌లు, బోనాలు, వినాయకుడి ఊరేగింపులు, అన్నీ చేసేవాళ్లం. 'వాళ్లం' అంటే నేనూ, నా దోస్తు మల్లేశూ. మాకు అప్పట్లో ఒకటే హెడ్‌ఫోన్. దాన్ని మెలితిప్పి, ఒక చెవి డొప్ప నేను, ఒకటి వాడు పట్టుకుని వినేవాళ్లం. రాబోయే పాట అందులో, నడుస్తున్న పాట బయట. ఈ రెండింటి దరువూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడాలి. లేకపోతే జోడెడ్ల బండికి ఒక ఎద్దు నడిచి ఇంకోటి ఉరికినట్టు ఉంటుంది, ఆడేవాళ్ల కాళ్లు తడబడతాయి. ఆ దరువు కలపడం నా పని.

దరువు కలిస్తే చాలనుకునేవాణ్ని నేను. మల్లేశ్ ఒప్పుకునేవాడు కాదు. శ్రుతి కూడా కలవాలనేవాడు. వాళ్ల బాపు బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించేవాడు, ఆ చెవి వీడికి వచ్చింది. మేం పాటలను ఇష్టమొచ్చినట్టు వేగం పెంచేవాళ్లం. వేగం పెంచితే గొంతు కూడా పైకెక్కి, పాడేవాడు పిల్లాడైపోతాడు. అలా పైకెక్కిన శ్రుతికి ఏ పాట సరిపోతుందో వాడు కళ్లు మూసుకుని చెప్పేవాడు. "గిది పెట్టు, కలుస్తది" అంటే కలిసేది, అంతే.

ఐదేళ్ల కిందట ఒక సీజన్ చేసొస్తానని గోవా వెళ్లాడు. సీజన్ అయిపోయింది, వాడు రాలేదు. మొదట్లో ఫోన్ చేసేవాడు, తర్వాత మెసేజ్‌లే. నేను ఫోన్ చేస్తే ఎత్తడు, గంట తర్వాత 'ఏందిరా' అని రాసి పంపుతాడు. పెద్దోడయ్యాడులే అనుకున్నాను.

ఈలోగా మా పని మారిపోయింది. రోడ్డు మీద పెద్ద సౌండ్‌కు పర్మిషన్లు తగ్గాయి. గిరాకీ అంతా మన్నెగూడ వైపు ఫంక్షన్ హాళ్లకు, ఫామ్‌హౌస్‌లకు పోయింది. అక్కడివాళ్లు సాయంత్రం పూట హౌస్ మ్యూజిక్ కావాలంటున్నారు. అంటే ఒకే నడకలో, మాటలు తక్కువగా, ఎక్కడా తెగకుండా గంటల తరబడి సాగే సంగీతం. దరువు నేను కలుపుతాను. శ్రుతి నాకు తెలియదు. మొన్నొక సంగీత్‌లో పెళ్లికూతురి అన్న నా దగ్గరికొచ్చి, మర్యాదగానే, "అన్నా, పాట మారినప్పుడల్లా పన్ను పీకినట్టు ఐతుంది" అన్నాడు.

ఆ రాత్రే సుజాతతో చెప్పాను, మల్లేశ్‌ను తోలుకొస్తానని. "ఫోన్ల అడగరాదు?" అంది. "ఎత్తడు గదా." "మరి పోయి అడుగు. ఊకె మూతి ముడుచుకొని కూసుంటె వస్తడా?" అంది. నిజం చెప్పాలంటే గిరాకీ ఒక సాకు. వాడు లేక నాకు చాలా రోజులుగా బాగా లేదు.

రైల్లో జొన్నరొట్టె

మహబూబ్‌నగర్ దాటే సరికి మా బోగీ సగం పాలమూరు వాళ్లతో నిండిపోయింది. అందరూ గోవాకే, కాని ఎవరూ సముద్రం చూడటానికి కాదు, మేస్త్రీ పనికి. నా ఎదుటి సీటులో బాలమ్మ అనే ఆమె కూర్చుంది. అరవై దాటి ఉంటాయి, మెడలో పూసల దండ, ఒళ్లో గుడ్డ మూట. గద్వాల రాకముందే మూట విప్పి, జొన్నరొట్టె మీద పల్లీల కారం పెట్టి, నన్నడక్కుండానే చేతిలో పెట్టింది.

"ఏం పనికి పోతున్నవ్ బిడ్డా?"

"మా దోస్తును తోలుకొద్దామని పోతున్న అవ్వా."

"కొట్లాడి పోయిండా?"

"లేదు. ఊకెనే పోయిండు, రాలేదు."

బాలమ్మ రొట్టె తుంచుతూ ఆలోచించింది. కొట్లాడి పోయినోణ్ని తేవడం అల్కగనే ఉంటుందట, ఊరికే పోయినోణ్ని తేవడమే కష్టమట. "అడిగెటప్పుడు నిలబడి అడగకు. నిలబడి అడిగితె జల్ది పోయెటోడు అడిగినట్టుంటది. పక్కకు కూసోబెట్టుకొని అడుగు" అంది. ఆ సలహాకు బదులుగా నేను గుంతకల్‌లో ఆమెకూ, పక్కనే ఉన్న ఆమె పెనిమిటికీ చాయ్ ఇప్పించాను. చాయ్ చప్పగా ఉందని ఇద్దరూ రైల్వే వాళ్లను తిట్టారు.

తెల్లవారేటప్పటికి రైలు కొండల్లోంచి దిగుతోంది. దూధ్‌సాగర్ జలపాతం రాగానే బోగీ మొత్తం ఒక వైపుకు ఒరిగింది, అందరి చేతుల్లో ఫోన్లు. బాలమ్మ ఒక్కతే కదల్లేదు. ఏటా చూస్తూనే ఉన్నానంది. నేను కిటికీ చువ్వ మీద వేళ్లతో దరువేసుకుంటూ, వాడికి చెప్పాల్సిన మాటలు మనసులో ఒకదాని పక్కన ఒకటి పేర్చుకున్నాను. సగం వాటా నీదే. పెద్ద హారన్ స్పీకర్లు లేవిప్పుడు. కొత్త మిక్సర్ కొన్నాను. చివరికి చెప్పాల్సింది మాత్రం, నువ్వు లేక బాగలేదురా అన్నది.

కాణకోణ బస్టాండ్‌లో నెరిసిన గడ్డం

మడ్‌గావ్‌లో బాలమ్మ వాళ్లు దిగిపోయారు. నేను అక్కణ్నుంచి దక్షిణంగా బస్సులో కాణకోణ చేరాను. దారి పొడవునా కొబ్బరి చెట్లు, ఎర్ర పెంకుటిళ్లు, ప్రతి ఇంటి ముందూ కూర్చోవడానికి సిమెంటు అరుగులు. కండక్టర్ నోట్లో ఈల పెట్టుకుని, మాట అవసరం లేకుండా బస్సును ఆపుతాడు, కదుపుతాడు.

వస్తున్నానని మెసేజ్ పెట్టాను కాబట్టి మల్లేశ్ బస్టాండ్‌లోనే ఉన్నాడు. గడ్డం నెరిసింది, ఒళ్లు తగ్గింది, చెప్పులు లేవు. నన్ను చూసి నవ్వి, సంచి లాక్కుని, "బక్కగైనవేందిరా సత్తి" అన్నాడు. వాడు సగమై ఉండి ఆ మాట అన్నందుకు నాకు నవ్వొచ్చింది.

వాడు పని చేసేది బీచ్ మీద ఒక చిన్న హోటల్లో. తడికల గోడలు, ఇసుక నేల. అక్కడిదాకా నడుస్తూ నేను ఊరి కబుర్లన్నీ చెప్పాను. సాగర్ రోడ్డు వెడల్పు చేశారని, మా దుకాణం పక్కన బిర్యానీ సెంటర్ పెట్టారని, మనం గోలీ సోడా తాగే కొట్టు తీసేశారని. వాడు ఊఁ అనలేదు, ఆఁ అనలేదు. కొంతదూరం పోయాక ఏ సంబంధం లేకుండా "సుజాత మంచిగున్నదా?" అన్నాడు. ఐదేళ్ల తర్వాత కలిస్తే ఇదా వరస అని మనసు చివుక్కుమంది.

హోటల్ నడిపే ఫిలోమినా ఆంటీ డెబ్బై ఏళ్ల మనిషి, గౌను మీద తువ్వాలు, చేతిలో ఎప్పుడూ గరిటె. చేపల కూర, ఉప్పుడు బియ్యం అన్నం, చింతపండులాగే పుల్లగా ఉండే కోకమ్ రసం పెట్టింది. కూరలో కొబ్బరి చూసి మొదట జంకాను. మన చెరువు చేప పులుసులో కారం కళ్లలోంచి రావాలి కదా. రెండో ముద్దకు అలవాటైపోయింది. ధర అడిగితే మల్లేశ్ చెప్పనివ్వలేదు కాని, బోర్డు మీద చూశాను. మా మార్కెట్ దగ్గర ఇద్దరు కడుపునిండా తినేదానికి అక్కడ ఒక చేప ముక్క వస్తుంది. తినేముందు మల్లేశ్ నన్ను లేపి తన కుడివైపు కుర్చీలో కూర్చోబెట్టాడు. చుట్టానికి అటు కూర్చోబెట్టడం అక్కడి పద్ధతేమో అనుకున్నాను.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఊరంతా షట్టర్లు దించి పడుకుంది. మా దగ్గర ఆ వేళకు షట్టర్ దించితే ఎవరు పోయారని అడుగుతారు.

గడియారం లాంటి చక్రం

సాయంత్రం ఎండ పల్చబడ్డాక మల్లేశ్ పాటలు మొదలుపెట్టాడు. బల్ల మీద పాటలు వేసే డెక్కులు రెండు, వాటిని కలిపే చిన్న మిక్సర్ ఒకటి, నడుమెత్తు స్పీకర్లు రెండు. మా ఊరేగింపు బండి మీద అలాంటివి పొద్దున టెస్టింగ్‌కు కూడా వాడం. సౌండ్ ఎంత తక్కువంటే పక్కవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి, అలలు వినిపిస్తున్నాయి.

మొదటి పావుగంట నాకు విసుగొచ్చింది. ఒకే దరువు, ఒకే నడక. ఎవరూ అరవరు, ఎవరూ నోట్లు ఎగరేయరు. తర్వాత గమనించాను, పాట మారిపోయింది. ఎప్పుడు మారిందో తెలియలేదు. దరువు పట్టుకోవడమే బతుకుగా ఉన్నవాణ్ని, నాకే తెలియలేదు. మరుసటి పాటకు కన్నార్పకుండా చూశాను. కొత్త పాటను దాని బేసు పూర్తిగా తీసేసి మెల్లగా లోపలికి తెచ్చాడు. రెండు పాటలూ మూడు నిమిషాలు కలిసి నడిచాయి. అప్పుడు ఒక చేత్తో పాతదాని బేసు తగ్గిస్తూ, ఇంకో చేత్తో కొత్తదాని బేసు ఇచ్చాడు. ఎవరూ తల ఎత్తలేదు.

"రెండిటి బేసు ఒక్కపారి పెడితె ఇరుకు అర్రల రెండు మంచాలేసినట్టుంటది" అన్నాడు తర్వాత, నేను అడగకుండానే.

శ్రుతి సంగతి వాడి గదిలో చెప్పాడు. గోడకు ఒక బొమ్మ అంటించి ఉంది, గడియారంలా పన్నెండు అంకెలతో. ప్రతి పాట శ్రుతికీ ఒక అంకె ఉంటుందట. ఎనిమిదిలో ఉన్న పాట తర్వాత ఎనిమిదే పెట్టొచ్చు, లేదా పక్కనున్న ఏడో, తొమ్మిదో. రెండుకు ఎగిరితే కొట్టుకుంటాయి. "ఇరుగుపొరుగు ఇండ్లకు పోవాలె. ఊరు దాటి ఒక్కపారి దుంకొద్దు" అన్నాడు. ఇప్పటి మెషీన్లో వేగం పెంచినా గొంతు పైకెక్కకుండా ఆపే బటన్ ఉందట. అది నా మిక్సర్ పక్కనే ఉన్న డెక్కుల్లో కూడా ఉంది, నేనే ఎప్పుడూ నొక్కలేదు. పన్ను పీకడం ఎక్కడినుంచి వచ్చిందో అర్థమైంది.

"ఇంత తెల్సినంక అంకెలెందుకురా నీకు? నీ చెవి ఉన్నది గదా" అన్నాను. వాడు దీపం తీసేసి పడుకున్నాడు.

ఇసుకలో నా దరఖాస్తు

పొద్దున్నే సైకిల్ మీద రబ్బరు హారన్ కొట్టుకుంటూ రొట్టెలవాడు వచ్చాడు. పొయి అంటారు ఆ రొట్టెను, తవుడు అద్దిన జేబులా గుల్లగా ఉంటుంది. చాయ్‌లో ముంచుకు తిని, మల్లేశ్‌ను నీళ్ల అంచుకు తీసుకెళ్లాను. బాలమ్మ చెప్పినట్టే ఇసుకలో కూర్చోబెట్టి, పక్కన కూర్చున్నాను. ఇద్దరం సముద్రం వైపే చూస్తున్నాం. ఎదురుగా చూసి అడగడానికి నాకు సిగ్గు.

రైల్లో పేర్చుకున్నవన్నీ చెప్పాను. గిరాకీ చెప్పాను, వాటా చెప్పాను. "నువ్వు పోయినంక నాకు పాట మీద పాణం పోతలేదురా. ఎవ్వనితోటి నిలబడ్డా పక్కకు చూస్త, నువ్వుండవు. ఎన్నొద్దులైనా గట్లనే ఉన్నది. రా, ఇంటికి పోదాం" అన్నాను. నా పెళ్లాంతో కూడా నేనెప్పుడూ అంత మాట్లాడలేదు. అలలు వస్తున్నాయి, పోతున్నాయి. వాడు ఇసుకలో వేలితో గీతలు గీస్తున్నాడు. తర్వాత లేచి, ఇసుక దులుపుకుని అన్నాడు.

"ఆకలైతుందా?"

రాను అంటే ఊరుకునేవాణ్ని. తిట్టినా ఊరుకునేవాణ్ని. ఆకలా అని అడిగాడు. నేను లేదని చెప్పి ఒక్కణ్నే ఊళ్లోకి వెళ్లిపోయాను.

ఊళ్లో ఒక చర్చి దగ్గర ఏదో ఉత్సవం. తెల్ల చొక్కాల బ్యాండువాళ్లు బాకాలు, క్లారినెట్‌లు వాయిస్తూ ఊరేగింపు ముందు నడుస్తున్నారు. మన దగ్గర బ్యాండు మేళం అంటే ఎర్ర కోటు, బంగారు అంచు. వీళ్లది వేరే వేషం, కాని క్లారినెట్ ఒకటే. మల్లేశ్ వాళ్ల బాపు గుర్తొచ్చాడు. నిమ్మ సోడా తాగుతూ నీడలో నిలబడి ఆ ఊరేగింపు అయిపోయేదాకా విన్నాను. వాడి మీద కోపం తెచ్చుకోవాలని ఎంత చూసినా, వాడు కావాలన్నదే మిగిలింది.

అరగంట బరాత్

సాయంత్రం మల్లేశ్ నన్ను డెక్కుల వెనక నిలబెట్టి, "నువ్వు జరసేపు కొట్టు" అన్నాడు. పొద్దుటి మాటకు ఇది జవాబేమో అనుకుని, మొండికేయకుండా నిలబడ్డాను.

దరువు కలపడంలో తప్పు చేయలేదు. తప్పు చేసింది నా చెయ్యి. బరాత్‌లో ఏ పాటనూ నిమిషం దాటనివ్వరు. పెళ్లికొడుకు మేనమామ ఒకటి అడుగుతాడు, దోస్తులు ఇంకోటి అడుగుతారు, నిమిషంలో కోయకపోతే బండెక్కి మన చెయ్యే కోస్తారు. ఆ అలవాటుతో నిమిషం కాగానే కోశాను. మళ్లీ కోశాను. పన్నెండు ఇళ్ల చక్రంలో ఊరి ఈ చివరి నుంచి ఆ చివరికి దూకాను. అంతటితో ఆగినా బాగుండేది. పాట ఊపందుకోగానే నా ఎడమ చెయ్యి దానంతటదే మైకు అందుకుంది. "పెళ్లికొడుకు బామ్మర్ది ఎక్కడున్నడు? ముందుకు రావాలె" అన్నాను.

బీచ్ మీద ఎవరికీ తెలుగు రాదు. అయినా ఒక ముసలి విదేశీయుడు తనను పిలిచారేమోనని గ్లాసు పట్టుకుని లేచి నిలబడ్డాడు. అందరూ నవ్వారు. మల్లేశ్ కడుపు పట్టుకుని నవ్వాడు. నేను వచ్చిన తర్వాత వాడలా నవ్వడం అదే మొదలు.

నేను వాడి పక్కకు వంగి, "బేసు తగ్గించాల్నా?" అన్నాను. పలకలేదు. ఇంకా గట్టిగా అడిగాను. పలకలేదు. మూడోసారి అరవబోతుంటే ఫిలోమినా ఆంటీ నా చొక్కా పట్టి వెనక్కి లాగి, వాడి కుడివైపుకు తీసుకెళ్లి నిలబెట్టింది. ఎడమ చెవి పనిచేయదని హిందీలో చెప్పింది. వాడు ఇక్కడికి వచ్చేనాటికే పోయిందట. "స్నేహితుణ్నంటివి, తెలియదా నీకు?" అని అడిగింది.

బస్టాండ్ నుంచి నేను నడిచింది వాడి ఎడమవైపు. ఇసుకలో కూర్చున్నదీ ఎడమవైపే. నా దరఖాస్తు మొత్తం చెవిటి చెవిలో చెప్పుకున్నాను. చెప్పడానికి సిగ్గే కాని, మొదట సంతోషమే వేసింది. వాడు కాదనలేదు, వినలేదంతే. ఆ వెంటనే వాడి మొహం చూశాను. ఆంటీ చెప్పేసిందని వాడికి తెలిసిపోయింది. హెడ్‌ఫోన్ కుడి చెవికి పెట్టుకుని, "ఇటు దిక్కు నిలబడు. ఇద్దరం కొడ్దాం" అన్నాడు.

ఎలా చేస్తున్నాడో అప్పుడు చూశాను. మిగతావాళ్లు ఒక చెవితో బయటి పాట, ఒక చెవితో రాబోయే పాట వింటారు. వాడికి ఉన్నది ఒకటే చెవి కాబట్టి రెండు పాటలనూ హెడ్‌ఫోన్‌లోనే కలిపి పెట్టుకుంటాడు. రెండో చేతి వేళ్లు బల్ల మీద ఆనించి దరువును చర్మంతో పట్టుకుంటాడు. నేను దరువు సరిచేశాను, వాడు తర్వాతి పాట ఎంచాడు. ఎనిమిది నుంచి తొమ్మిది, తొమ్మిది నుంచి మళ్లీ తొమ్మిది. నా చెయ్యి పాటను తెగ్గోసే ఫేడర్ మీదికి పోయినప్పుడల్లా మణికట్టు పట్టుకుని, "ఆగురా, పోనీ. ఇంకా పోనీ" అన్నాడు. రెండు పాటలు కలిసి అంతంతసేపు నడుస్తుంటే, ఏది నాదో ఏది వాడిదో తెలియకుండా పోయింది. సూర్యుడు నీళ్లలో దిగిపోయేదాకా అలాగే నిలబడ్డాం. నాకు ఈ జన్మకు ఇది చాలనిపించింది, చాలదని కూడా అనిపించింది.

చెవిలో ఈల

మరుసటి పొద్దున వాడే నన్ను నీళ్ల దగ్గరికి పిలిచి, కుడివైపు కూర్చోబెట్టుకుని చెప్పాడు.

"మన బండి మీద నేను నిలబడే దిక్కే హారన్లు గదా. ఎవడో ఒకడు అటు నిలబడాలె. ఆ యేడు నిమజ్జనం ఐనంక పొద్దుగాల లేస్తె ఈ చెవి మూసుకపోయింది. మూసుకపోతె మంచిగనే ఉండు, లోపల సీటీ వడ్డది. కుక్కర్ సీటీ ఉంటది సూడు, గట్ల. ఆగదు."

"దవఖానకు పోకపోతివా?"

"పోయిన. నరం పోయింది, రాదన్నరు. ఉన్న చెవి కాపాడుకో, పెద్ద సౌండ్ల నిలబడకు అన్నరు. నీకు చెప్తె నువ్వు బండి బంజేస్తవు. అందుకే సీజన్ అని చెప్పొచ్చిన."

ఫోన్ ఎందుకు ఎత్తడో కూడా చెప్పాడు. ఫోన్‌లో గొంతు ఆ ఈలతో కలిసిపోయి సగం మాటలు తెలియవట. వాడు ఇదంతా మామూలుగా, బియ్యం ధర చెప్పినట్టు చెబుతుంటే నేను ఇసుక వైపు చూస్తూ విన్నాను.

"ఊర్ల ఉంటె మాపటికి అంత సప్పుడు బందైతది. గప్పుడు ఈ సీటీ ఒక్కటే మిగులుతది. పిచ్చి లేస్తది సత్తి. ఈడ సముద్రం ఆగదు గద, దాన్ని మింగుతది. ఈడనే నాకు నిద్ర వడ్తది."

"కూలర్ పెట్టుకోరాదురా, రాత్రంతా" అన్నాను. ఎంత తెలివితక్కువ మాటో నాకే తెలుసు. వాడు నవ్వాడు.

"పెట్టి చూసిన. కూలర్‌ది వేరే శ్రుతి." ఎడమ చెవి రుద్దుకుంటూ అన్నాడు, "ఆ సీటీ సుత ఒక శ్రుతిలనే ఉన్నదిరా. శానా దినాలకు ఎర్కైంది. దానితోని కొట్లాడుడు బంజేసిన. మాపటికి మొదటి పాట దానికి కలిసేది పెడ్త. గప్పుడు అది పాటలకే పోతది, నాకు ఇనరాదు. ఆడికెల్లి పక్కింటికి, పక్కింటికి పోత."

ప్రతి సాయంత్రం వాడు మొదలుపెట్టే అంకె అందుకే మారదని తెలిసింది. ఎవరికీ వినిపించని ఒక పాట వాడి తలలో ముందే నడుస్తూ ఉంటుంది, మనం వినేది దానికి జతచేసిన రెండోది. వాణ్ని ఇంటికి రమ్మనడమంటే ఏం అడగడమో నాకు పూర్తిగా అర్థమైంది. అడగకూడదని అక్కడే తీర్మానించుకున్నాను.

మడ్‌గావ్ స్టేషన్

తిరుగు రైలుకు మల్లేశ్ మడ్‌గావ్ దాకా వచ్చాడు. ఫిలోమినా ఆంటీ ఇచ్చిన జీడిపప్పు పొట్లం సుజాతకని నా సంచిలో దోపాడు. ప్లాట్‌ఫారం మీద చాయ్ తాగాం. వాడికి కుడివైపే నిలబడి, ఆ బటన్ సంగతి, ఏ అంకె నుంచి ఏ అంకెకు పోవాలన్న సంగతి మళ్లీ మళ్లీ అడిగాను. వేరే మాట రాకుండా ఉండాలని అదే మాట్లాడాను. రైలు వచ్చింది. ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాను. వాడు చువ్వలు పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ దినం ఇసుకల ఏందో మస్తుసేపు చెప్పినవ్. నాకు ఇనరాలే" అన్నాడు.

"ఏం లేదురా. ఊరి ముచ్చట్లు."

"ఊరి ముచ్చట్లు చెప్పేటోడు గట్ల నీళ్ల దిక్కు చూసుకుంట చెప్పడు. నువ్వెందుకొచ్చినవో నాకెర్కే. అడుగు."

"ఎర్కున్నంక అడుగుడెందుకు? ఇడువు."

"ఇడువ. అడుగు."

"వస్తవారా?"

"రాను."

"మరెందుకు అడగమన్నవ్?"

మల్లేశ్ చువ్వను గోకాడు. "ఇన్నేండ్లల్ల అందరు ఎట్లున్నవ్ అన్నరు, ఏం పంపుతవ్ అన్నరు. రమ్మని ఒక్కడన్లే. నువ్వొక్కడివే అన్నవ్, గది సుత నాకు ఇనరాకపాయె" అన్నాడు. అని, తల పక్కకు తిప్పి, కుడి చెవిని కిటికీ చువ్వలకు ఆనించాడు. "మంచిగ అడుగు."

బోగీలో జనం చూస్తున్నారు. నేను ముందుకు వంగి, ఆ చెవికి దగ్గరగా, "నువ్వు లేక బాగలేదురా మల్లేశ్. రా, ఇంటికి పోదాం" అన్నాను.

తల అడ్డంగా ఊపాడు. కళ్లు మూసుకునే ఉన్నాడు, అప్పట్లో పాట ఎంచేటప్పుడు మూసుకున్నట్టే.

"ఇంకోపారి అను" అన్నాడు.

అన్నాను. మళ్లీ తల అడ్డంగా ఊపాడు, మళ్లీ అనమన్నాడు. రైలు కదిలేదాకా అడుగుతూనే ఉన్నాను.